ఉద్యోగం చేస్తూనే ఆర్థిక సలహాదారు పరీక్షలు: మొదటి వారం నుంచి పరీక్ష హాలు దాకా

"ఆఫీసు నుంచి వచ్చేసరికే ఓపిక అయిపోతుంది, ఇక చదివేదెప్పుడు?" అన్నది పాఠకులు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న. ఆ తర్వాతిది, "పుస్తకం రెండుసార్లు తిరగేశాను, మాక్ టెస్టులో మాత్రం సగం మార్కులు దాటడం లేదు, ఎందుకు?"

నా మొదటి ప్రయత్నంలో ఈ రెండు సమస్యలూ నాకూ వచ్చాయి. నాలుగు మార్కుల తేడాతో పరీక్ష పోయింది. పుస్తకమంతా పసుపు రంగు హైలైటర్ పూసి ఉంది కానీ, కాగితం మీద ఒక్క లెక్కా పూర్తిగా చేసి చూడలేదు. రెండోసారి చదివిన గంటలు తగ్గాయి, చేసిన ప్రశ్నలు పెరిగాయి. ఈ మార్గదర్శి అలా కుదిరిన పద్ధతే.

## 1. ముందు పరీక్ష ఏదో తేల్చుకోండి

సలహాదారు అనే మాట ఒకటే అయినా, దాని వెనక మూడు వేర్వేరు దారులున్నాయి. సలహా ఇచ్చేందుకు చట్టం అడిగే అర్హత ఒకటి. ఉత్పత్తులు అమ్మడానికి కావలసిన సర్టిఫికెట్ రెండోది. పేరు పక్కన పెట్టుకునే వృత్తి గుర్తింపు మూడోది. తొందరలో చాలామంది రెండోది రాసి, మొదటిది చేతికొచ్చిందనుకుంటారు.

భారత్‌లో ఎన్‌ఐఎస్‌ఎం (సెబీ ఏర్పాటు చేసిన శిక్షణ, పరీక్షల సంస్థ) పెట్టే సిరీస్ 5-ఏ మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుల పరీక్ష. 100 ప్రశ్నలు, 2 గంటలు, 50 శాతం వస్తే పాస్. సలహాదారుగా సెబీ (స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ) దగ్గర నమోదు కావాలంటే ఇది చాలదు, సిరీస్ 10-ఏ, 10-బీ పరీక్షల దారిలో వెళ్లాలి. 10-ఏ మొత్తం 150 మార్కులు, 3 గంటలు, 60 శాతం రావాలి, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో 25 శాతం కోత.

అమెరికాలో పెట్టుబడి సలహాదారుల పరీక్ష సిరీస్ 65లో లెక్కలోకి వచ్చే ప్రశ్నలు 130, సమయం 180 నిమిషాలు, 92 సరైనవి కావాలి. బ్రిటన్‌లో 2013 నుంచి సామాన్య క్లయింట్లకు పెట్టుబడి సలహా ఇచ్చేవారికి కనీసం లెవెల్ 4 (డిగ్రీ మొదటి సంవత్సరం స్థాయి) అర్హత తప్పనిసరి. ఇక వృత్తి గుర్తింపుల్లో సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) అనేది, ఒక మనిషి ఆర్థిక జీవితం మొత్తానికి ప్రణాళిక వేయడం నేర్పుతుంది. సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) ప్రధానంగా పెట్టుబడుల విశ్లేషణ. కుటుంబాలకు సలహా ఇవ్వాలనుకుంటూ, పేరు పెద్దదని సీఎఫ్‌ఏ మొదలుపెట్టి రెండేళ్ల తర్వాత మానేసిన వాళ్లను చూశాను. వాళ్ల తెలివికి లోటేమీ లేదు, ఎక్కిన బండే వేరు.

రుసుము కట్టే ముందు, పరీక్ష నిర్వహించే సంస్థ సైట్‌లో చూసి ఒకే కాగితం మీద ఇవి రాసుకోండి:

- ప్రశ్నలెన్ని, సమయమెంత, పాస్ మార్కు ఎంత
- నెగటివ్ మార్కింగ్ ఉందా, ఉంటే ఎంత
- ఏ అధ్యాయానికి ఎంత వెయిటేజీ
- ప్రస్తుతం నడుస్తున్న వర్క్‌బుక్ ఎడిషన్ ఏది, పన్ను రేట్లు ఏ సంవత్సరానివి అడుగుతారు
- ఏ కాలిక్యులేటర్‌కు అనుమతి ఉంది
- ఫెయిలైతే మళ్లీ రాయడానికి ఎన్నాళ్లు ఆగాలి

నాలుగో అంశం దగ్గర జాగ్రత్త. స్నేహితుడు ఇచ్చిన పాత పుస్తకం ఉచితమే కానీ, అందులోని పన్ను శ్లాబులు కంఠస్థం చేస్తే ఉచితంగానే మార్కులు పోతాయి.

## 2. మీ వారంలో నిజంగా ఎన్ని గంటలున్నాయో కొలవండి

టైమ్‌టేబుల్ ఇప్పుడే గీయకండి. ముందు ఒక వారం పాటు మీరు గడిపిన రోజును గడిపినట్టు రాయండి. లేచిన టైమ్, ప్రయాణం, ఆఫీసు, ఫోన్ చూసిన సమయం కూడా. ఆ వారం చివర తెలిసే విషయం ఇది: ఖాళీ గంటలు అనుకున్నదాని కంటే ఎక్కువే ఉంటాయి, బుర్ర పనిచేసే గంటలు మాత్రం అనుకున్నదాని కంటే తక్కువ.

పది గంటలు ఆఫీసులో నలిగిన మెదడుతో రాత్రి పదింటికి బాండ్ల డ్యూరేషన్ (వడ్డీ రేట్లు మారితే బాండు ధర ఎంత కదులుతుందో చెప్పే కొలత) అర్థం చేసుకోవడం కుదరదు. కానీ అదే సమయంలో ఫ్లాష్‌కార్డులు తిప్పొచ్చు. అందుకే గంటలను రెండు రకాలుగా విడదీయండి.

తాజా గంటలు: ఉదయం ఆఫీసుకు ముందు, సెలవు రోజు పూట. లెక్కలు, కొత్త అధ్యాయాలు, కేసు స్టడీలు వీటిలోనే.

మిగులు గంటలు: ప్రయాణం, భోజన విరామం, రాత్రి. నిర్వచనాలు, పాత తప్పులు, ఫోన్‌లో పదేసి ప్రశ్నలు. వీడియోలు చూసిన సమయాన్ని మాత్రం చదువు కింద లెక్కేయొద్దు. చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, అదే దాంతో చిక్కు.

ఇప్పుడు లెక్క. పనిరోజుల్లో రోజుకో గంట చొప్పున 5, సెలవుల్లో ఒకరోజు 3, ఇంకోరోజు 2. మొత్తం 10. ఇందులో పావు వంతు కొట్టేయండి, ఎందుకంటే జ్వరాలు, ఆఫీసు డెడ్‌లైన్లు, చుట్టాలు ఉంటారు. మిగిలింది 7.5. మీ పేపర్‌కు 100 గంటలు కావాలనుకుంటే 14 వారాలు. నెలకో వారం ఖాళీగా వదిలితే 17. సీఎఫ్‌ఏ ఒక్కో లెవెల్‌కు సుమారు 300 గంటలు పడుతుందని ఆ సంస్థే చెబుతుంది. ఇదే వేగంతో అది 40 వారాలు. "మూడు నెలల్లో కొట్టేస్తా" అనేవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతుంది.

పరీక్ష తేదీ ఎప్పుడు బుక్ చేయాలి? రెండు వారాలు చదివి, నిజంగా ఎన్ని గంటలు పెట్టగలిగారో చూశాక. అంతకుముందు చేస్తే ఆవేశంలో చేసినట్టు. అసలు చేయకపోతే చదువు అలా సాగుతూనే ఉంటుంది, రెండు పండగలు దాటినా మూడో అధ్యాయంలోనే ఉంటారు.

## 3. ఆఫీసుతో, ఇంట్లో వాళ్లతో ముందే తేల్చుకోవాల్సినవి

ఈ మాటలు మొదటి వారంలోనే అయిపోవాలి. పరీక్ష ముందురోజు సెలవు అడిగితే వచ్చేది టెన్షనే.

- ఆడిట్, నెలాఖరు, త్రైమాసికం ముగింపు లాంటి తీరికలేని రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఆ వారాల్లో కొత్త అధ్యాయం పెట్టుకోవద్దు.
- పరీక్ష రోజుకూ, దాని ముందు రోజుకూ సెలవు ఇప్పుడే అడగండి.
- కంపెనీ ఫీజు కడతానంటే షరతు రాతపూర్వకంగా తీసుకోండి. ఫెయిలైతే ఎవరు కట్టాలి, పాసయ్యాక ఎన్నాళ్లు ఉద్యోగంలో ఉండాలి అన్నవి అందులో ఉండాలి.
- ఇంట్లో "నేను చదువుకోవాలి" అని మాత్రమే చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా నన్ను పిలవొద్దు, తొమ్మిది తర్వాత మీ ఇష్టం" అనండి. ఆ తొమ్మిదికి కచ్చితంగా లేవండి కూడా, లేకపోతే వచ్చే వారం ఆ మాట చెల్లదు.

## 4. సిలబస్‌ను పుస్తకం వరుసలో చదవకండి

చాలా వర్క్‌బుక్‌లు నిర్వచనాలతో, వ్యవస్థ పరిచయంతో మొదలవుతాయి. మొదటి నెలంతా వాటి మీద పోతుంది, కష్టమైన లెక్కల అధ్యాయాలు వచ్చేసరికి ఓపిక ఉండదు. నేను చెప్పే వరుస ఇది:

1. డబ్బు కాలవిలువ (ఈ రోజు రూపాయికీ, కొన్నేళ్ల తర్వాతి రూపాయికీ విలువలో తేడా), రాబడి, రిస్కు కొలతలు. తర్వాతవన్నీ వీటి మీదే నిలబడతాయి.
2. పెట్టుబడి సాధనాలు: డిపాజిట్లు, బాండ్లు, షేర్లు, ఫండ్లు.
3. బీమా, పదవీ విరమణ, పన్ను, వారసత్వం. ఈ నాలుగూ కేసు స్టడీల్లో కలిసే వస్తాయి కాబట్టి దగ్గరదగ్గరగా చదవండి.
4. చట్టాలు, నియమాలు, నైతిక ప్రమాణాలు.

చివరిదాన్ని చివర పెట్టడానికి కారణం ఉంది. రికార్డులు ఎన్నేళ్లు దాచాలి, ఫిర్యాదుకు ఎన్ని రోజుల్లో స్పందించాలి లాంటి అంకెలు త్వరగా మరిచిపోతాం. మూడు నెలల ముందు బట్టీ పట్టినా పరీక్ష నాటికి మిగలవు. అలాగని పూర్తిగా చివరికే నెట్టొద్దు. మొదటి వారం నుంచే రోజుకు పది నిమిషాలు మిగులు గంటల్లో వాటికివ్వండి.

## 5. ఒక్క సెషన్ ఎలా నడవాలి

యాభై నిమిషాలు చాలు. వరుస మాత్రం తప్పకూడదు.

1. 5 నిమిషాలు: పుస్తకం మూసి, నిన్న చదివినది ఖాళీ కాగితం మీద గుర్తున్నంత రాయండి.
2. 10 నిమిషాలు: ఈ రోజు చదవబోయే భాగం నుంచి పది ప్రశ్నలు, చదవకముందే. సగం తప్పుతాయి. తప్పనివ్వండి.
3. 20 నిమిషాలు: ఇప్పుడు చదవండి. తప్పిన చోట్ల నెమ్మదిగా, వచ్చిన చోట్ల వేగంగా.
4. 10 నిమిషాలు: మరో పది ప్రశ్నలు.
5. 5 నిమిషాలు: తప్పులు నోట్‌బుక్‌లోకి.

మొదటి వారం ఇది చిరాకు పుట్టిస్తుంది. చదవకుండా ప్రశ్నలేంటి అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. చదివిన ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందుకెళ్లారు. మన పరీక్ష చదివిన ఐదు నిమిషాలకు రాదు కదా.

అసలు కుదరని రోజున? ఐదు ప్రశ్నలు చేసి పడుకోండి. సున్నా మాత్రం వద్దు. ఒక సున్నా పక్కన ఇంకోటి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

## 6. లెక్కలు: ఎక్కువ మార్కులు పోయేదిక్కడే

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. క్లయింటు పిల్లల చదువుకు ఈ రోజు ధరల్లో 10 లక్షలు కావాలి. 12 ఏళ్లు ఉంది. ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుంది, పెట్టుబడి మీద 10 శాతం వస్తుంది. ప్రతి ఏడాది చివర ఎంత దాచాలి?

మొదటి మెట్టు. 12 ఏళ్ల తర్వాత ఖర్చు: 10,00,000ను 1.06 పన్నెండో ఘాతంతో గుణిస్తే సుమారు 20,12,196.

రెండో మెట్టు. ఏడాది చివర 1 రూపాయి చొప్పున 10 శాతం మీద 12 ఏళ్లు దాస్తే 21.384 అవుతుంది. 20,12,196ను దీంతో భాగిస్తే సుమారు 94,097. ఇదే జవాబు.

ఇప్పుడు ఇదే లెక్కలో చేసే తప్పులు చూడండి. ధరల పెరుగుదల మరిచిపోయి 10 లక్షలనే భాగిస్తే 46,763 వస్తుంది. కాలిక్యులేటర్ ఏడాది మొదట్లో చెల్లింపు అనే మోడ్‌లో ఉండిపోతే 85,543 వస్తుంది. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఈ తప్పులన్నీ తెలుసు. నాలుగు ఆప్షన్లలో ఈ రెండు అంకెలూ మీ కోసమే కూర్చుని ఉంటాయి. "నా జవాబు ఆప్షన్లలో ఉంది, అంటే కరెక్టే" అనుకోవడం అందుకే ప్రమాదం.

ఇంకో చిన్న ఉచ్చు నిజ రాబడి, అంటే ధరల పెరుగుదల పోగా మిగిలేది. రాబడి 8 శాతం, ద్రవ్యోల్బణం 5 శాతం అయితే తీసివేసి 3 అనేస్తారు. 1.08ని 1.05తో భాగించి 1 తీసేయాలి, అప్పుడు 2.86 శాతం వస్తుంది. ఆప్షన్లలో రెండూ ఉంటాయి.

ఫైనాన్షియల్ కాలిక్యులేటర్ వాడేవాళ్లు ప్రతి లెక్క ముందూ ఇవి చూసుకోవాలి:

- పాత అంకెలు చెరిపారా (తెర మీద సున్నా కనిపిస్తే చెరిగినట్టు కాదు, లోపలి మెమరీ వేరు)
- చెల్లింపు ఏడాది మొదటా, చివరా
- ఏడాదికి ఎన్ని చెల్లింపులు అన్న సెట్టింగ్
- చేతి నుంచి వెళ్లే డబ్బుకు మైనస్ పెట్టారా

నాలుగోది మరిచిపోయి వడ్డీ రేటో, కాలమో అడిగితే బీఏ 2 ప్లస్ లాంటి కాలిక్యులేటర్ "ఎర్రర్ 5" అంటుంది. మిషన్ పాడవలేదు. డబ్బంతా ఒకే వైపు ప్రవహిస్తోందని చెబుతోంది, అంతే.

పరీక్ష హాలులో వాడబోయే కాలిక్యులేటర్‌తోనే మొదటి రోజు నుంచి ప్రాక్టీసు చేయండి. ఎక్సెల్‌లో చేసి "వచ్చేసింది" అనుకున్న లెక్క హాలులో చేతికి రాదు.

## 7. తప్పుల నోట్‌బుక్

ఒక్క పని మాత్రమే చేసే ఓపికుందంటే, ఇది చేయండి. ప్రతి తప్పుకూ ఒక వరుస రాయాలి: ప్రశ్న దేని గురించి, నేనేం పెట్టాను, ఎందుకు పెట్టాను, సరైనది ఏ నియమం వల్ల సరైనది.

మూడో గడి ముఖ్యం. "తెలియదు", "తెలుసు కానీ తికమక పడ్డాను", "ప్రశ్న సరిగా చదవలేదు" అని మూడు ముద్రలు పెట్టుకోండి. నా నోట్‌బుక్‌లో ఒక వరుస ఇలా ఉండేది: "టర్మ్ పాలసీ. ‘సరికానిది ఏది’ అని అడిగారు. మొదటి సరైన వాక్యం కనబడగానే టిక్ పెట్టాను. ప్రశ్న చదవలేదు." అలాంటివి ఒక్క నెలలో పదిహేడు తేలాయి. దానికి మందు ఇంకో పుస్తకం చదవడం కాదు కదా! ప్రశ్నలో "కాదు", "తప్ప" కనబడగానే వేలు పెట్టి ఆగడం అలవాటు చేసుకున్నాను, అంతే.

వారానికోసారి, ఆదివారం, నోట్‌బుక్‌లోని పాత తప్పులను జవాబు మూసి మళ్లీ చేయండి. రెండు వేర్వేరు వారాల్లో కరెక్టయితే కొట్టేయండి.

## 8. కేసు స్టడీలు

కుటుంబం వివరాలు ఒక పేరా, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. ముందు ప్రశ్నలు చదవండి, తర్వాతే పేరా. పేరా చదువుతున్నప్పుడు వయసులు, ఆదాయం, ఖర్చు, అప్పులు, ఉన్న ఆస్తులు, గడువులు రఫ్ కాగితం మీద ఒకచోట దించుకోండి. నెల ఆదాయమా, ఏడాది ఆదాయమా అని పక్కనే రాయండి. ఒక అంకె నెలవారీగా, ఇంకో అంకె ఏడాదికి ఇవ్వడం ప్రశ్నపత్రం పాత అలవాటు.

సలహా అడిగే ప్రశ్నల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆఫీసులో మీరు రోజూ అమ్మే ఉత్పత్తినే జవాబుగా ఎంచుకుంటారు. బ్యాంకులో, బీమా కంపెనీలో పనిచేసేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అత్యవసర నిధి ఉందా, బీమా సరిపోతుందా, ఎక్కువ వడ్డీ అప్పు తీరిందా అని చూశాకే పెట్టుబడి దగ్గరకు రండి. పరీక్ష కోరేది ఆ వరుసనే.

## 9. మాక్ టెస్టులు, నెగటివ్ మార్కులు

సిలబస్ మొత్తం పూర్తయ్యాక మాక్ రాద్దామని ఆగకండి. మూడింట రెండొంతులు అవగానే మొదటిది రాయండి. మార్కులు చూసి దిగులు పడొద్దు, ఏ అధ్యాయంలో పోయాయో చూడండి. తర్వాత వారానికొకటి, అసలు పరీక్ష ఏ పూటో ఆ పూటే, మధ్యలో లేవకుండా. రాయడానికి మూడు గంటలు పడితే సరిచూసుకోవడానికి కనీసం రెండు గంటలు పెట్టండి.

పాస్ మార్కు 60 అయితే మాక్‌లో వరుసగా మూడుసార్లు 70 దాటేదాకా ధీమా వద్దు. చేసిన మాక్‌నే మళ్లీ చేసి వచ్చిన 85ను లెక్కలోకి తీసుకోకండి. అది జ్ఞాపకశక్తికి వచ్చిన మార్కు.

నెగటివ్ మార్కింగ్ అనగానే భయపడి ఇరవై ప్రశ్నలు ఖాళీగా వదిలేసేవాళ్లున్నారు. లెక్క చూడండి. నాలుగు ఆప్షన్లు, ఒక మార్కు, తప్పుకు పావు కోత. గుడ్డిగా గుర్తిస్తే సగటున ప్రశ్నకు 0.06 లాభమే, అంటే దాదాపు ఏమీ లేదు. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే 0.17. రెండు కొట్టేస్తే 0.38. కాబట్టి ఒక్కటైనా కచ్చితంగా కొట్టేయగలిగిన ప్రశ్నను వదలొద్దు. కోత మూడో వంతుంటే గుడ్డి ఊహకు లాభం సున్నా. మీ పరీక్ష నియమం చూసి ముందే నిర్ణయించుకోండి, హాలులో కూర్చుని కాదు.

## 10. చివరి పది రోజులు

కొత్తగా ఏమీ మొదలుపెట్టొద్దు. నియమాల్లోని అంకెలు, పన్ను రేట్లు, సూత్రాలు ఒక్క పేజీలోకి దించి, ఆ పేజీని చూడకుండా రాయగలిగేదాకా రాయండి. తప్పుల నోట్‌బుక్‌లో కొట్టేయనివి పూర్తి చేయండి. చివరి మాక్ పరీక్షకు మూడు రోజుల ముందే అయిపోవాలి. ముందురోజు రాత్రి రాసి తక్కువ వస్తే నిద్ర కూడా పోతుంది.

ముందురోజు సరిచూసుకోవాల్సినవి:

- హాల్‌టికెట్‌లో పేరు, గుర్తింపు కార్డులో పేరు అక్షరం అక్షరం ఒకటేనా
- గుర్తింపు కార్డు ఒరిజినలేనా, గడువు దాటలేదు కదా
- కాలిక్యులేటర్ మోడల్, బ్యాటరీ
- సెంటర్‌కు దారి, చేరాల్సిన సమయం
- ఇంటి నుంచే రాస్తుంటే: కెమెరా, ఇంటర్నెట్, ఖాళీ బల్ల. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడొద్దు, దాని సెక్యూరిటీ సెట్టింగ్‌లు పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకోవచ్చు.

హాలులో మూడు చుట్లు తిరగండి. మొదటి చుట్టులో చూడగానే వచ్చేవి. రెండో చుట్టులో లెక్కలు, కేసులు. మూడోదాంట్లో సందేహం ఉన్నవి. మొదట పెట్టిన జవాబు మార్చాలంటే కారణం చెప్పగలగాలి. "ఎందుకో డౌటుగా ఉంది" అన్నది కారణం కాదు.

## 11. గాడి తప్పితే

రెండు వారాలు ఏమీ చదవలేదనుకుందాం. పాత టైమ్‌టేబుల్‌ను వెంటాడి బాకీ తీర్చబోకండి, రోజుకు నాలుగు గంటలని రాసుకుని మూడో రోజే మానేస్తారు. మిగిలిన వారాలు లెక్కేసి, వెయిటేజీ తక్కువున్న అధ్యాయాలను పైపైన చూసేలా కుదించండి. అదీ కుదరకపోతే గడువు లోపల తేదీ మార్చుకోండి.

ఫెయిలైతే, ఇంటికి రాగానే గుర్తున్న ప్రశ్నలు కాదు, గుర్తున్న ఇబ్బందులు రాయండి. టైమ్ చాలలేదా, లెక్కల్లో ఆగిపోయారా, నియమాలు కలగాపులగం అయ్యాయా. అధ్యాయాలవారీ స్కోరు ఇస్తే దాని పక్కన పెట్టండి. తర్వాత ఒక వారం పుస్తకం ముట్టుకోవద్దు, కానీ రీటేక్ తేదీ ఆ వారంలోనే బుక్ చేయండి. నేను రెండోసారి రాసింది తొమ్మిది వారాల తర్వాత. మొదటిసారి చదివినదంతా పోలేదు కాబట్టి, అందులో ఆరు వారాలు నోట్‌బుక్, లెక్కలు, కేసులే చేశాను. పసుపు హైలైటర్ మూత తీయలేదు.